మా బండి మంచినీళ్ల ట్యాంకు గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ మా క్యాంపర్ బండి మంచినీళ్ల ట్యాంకు గారి సముఖమునకు, బండి యజమాని తిరుపతి నుంచి నమస్కరించి వ్రాయు లేఖ.

ఉభయకుశలోపరి. ఇక్కడ మేమందరం క్షేమం. అక్కడ తమరు కూడా క్షేమమని తలుస్తాను. ఇక్కడికీ అక్కడికీ మధ్య దూరం పడక కింద ఉన్న ముప్పావు అంగుళం ప్లైవుడ్ పలక మాత్రమే. అయినా పోయిన నెల దాకా మూడేళ్లపాటు ఆ పలక ఎత్తి తమ యోగక్షేమాలు విచారించిన పాపాన పోలేదు కనుక, ముఖాముఖి మాట్లాడే మొహం లేక ఉత్తరం వ్రాస్తున్నాను.

తమరు మా ఇంటికి వేంచేసిన రోజు నాకు బాగా గుర్తు. పెళ్లి బృందాలను తిప్పి తిప్పి అలసిపోయిన ఒక పాత టెంపో ట్రావెలర్‌ను కొని, సీట్లు పీకించి, రెండు పడకలు, ఒక పొయ్యి, ఒక సింకు పెట్టించి, వాటన్నిటి కింద 100 లీటర్ల తెల్లటి ఫుడ్ గ్రేడ్ ప్లాస్టిక్ ట్యాంకును బిగించినప్పుడు, మేస్త్రీ తమ నొసట నీలిరంగు అక్షరాలతో 'మంచినీరు' అని స్టిక్కరు అంటించాడు. మరునాడే బండిని కాణిపాకం తీసుకుపోయి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి, గుమ్మడికాయ కొట్టి, స్టీరింగుకు విభూతి రాశాము. మా ఆవిడ మరిచిపోకుండా తమ మూతకు కూడా కుంకుమబొట్టు పెట్టింది. పోయిన నెల దాకా తమ శుభ్రత విషయంలో మా కుటుంబం తీసుకున్న మొదటి చర్యా అదే, చివరి చర్యా అదే. కాణిపాకం వినాయకుడు సత్యప్రమాణాల దేవుడు కాబట్టి ఆయన సాక్షిగానే ఒప్పుకుంటున్నాను: ఈ మూడేళ్లలో నిన్నటి దాకా తమ కడుపులోని నీటిని మా ఇంట్లో ఒక్కరూ ఒక్క గుక్క తాగి ఎరగరు.

తాగని నీటిని మోయడం ఎందుకని తమరు అడగవచ్చు. లీటరు నీరు కిలో బరువు కాబట్టి తమరు నిండితే ఒక క్వింటాలు. తమకు తోడుగా ప్రతి ప్రయాణంలోనూ నాలుగు 20 లీటర్ల క్యాన్లు ఎక్కిస్తాము. అవి మరో 80 కిలోలు. భాకరాపేట కనుమ ఎక్కేటప్పుడు ఇంజను మూలుగుతూ లాగే 180 కిలోల నీటిలో మా నోటికి అందేది ఆ 80 కిలోలే. మిగిలిన క్వింటాలు పేరుకు మంచినీరు, పనికి అంట్ల నీరు. సగం ఖాళీ అయ్యాక ప్రతి మలుపులోనూ తమ లోపలి నీరు ఈ గోడకూ ఆ గోడకూ కొట్టుకుని దభీమని చేసే చప్పుడును మేము ఇన్నాళ్లూ రోడ్డు గతుకుల ఖాతాలో వేశాము. అది తమ అలక అయి ఉండవచ్చునన్న ఆలోచన నాకు ఈ మధ్యనే వచ్చింది.

నీళ్లు మోసేవారికి ఈ గడ్డ మీద పూర్వం ఇంత చిన్నచూపు ఉండేది కాదు. రామానుజులవారికి మేనమామ అయిన తిరుమలనంబి, స్వామి అభిషేకానికి పాపవినాశనం నుంచి రోజూ తీర్థం మోసుకొచ్చేవారని స్థలకథ. ఒకనాడు స్వామి వేటగాడి వేషంలో ఎదురై, "తాతా, దాహం" అని అడిగి, ఆయన ఇవ్వనంటే కుండకు బాణం వేసి, కారిన నీరు తాగి, ఆ తరువాత దగ్గరలోనే ఆకాశగంగను చూపించాడట. ఆ ఘట్టాన్ని తిరుమలలో ఇప్పటికీ ఏటా తన్నీరముదు ఉత్సవంగా జరుపుతారు. మోసుకొచ్చిన నీటి కోసం దేవుడంతటివాడు కుండకు చిల్లు పెట్టి మరీ తాగిన ఊళ్లో, తమ కొళాయి తిప్పితే వచ్చే నీటితో మా బావమరిది పళ్లు తోముకోవడానికి కూడా ఒప్పుకోడు. నంబి గారు మాత్రం కుండను రోజూ నింపి రోజూ ఖాళీ చేసేవారన్నది నా వాదనకు కొంచెం ఇబ్బంది కలిగించే సంగతే. అందుకే దాన్ని ఇంట్లో ఎవరి ముందూ ప్రస్తావించను.

మరొక విడ్డూరం మనవి చేస్తాను. కొండ మీద ప్లాస్టిక్ నీళ్ల సీసాలను నిషేధించారు కాబట్టి, అక్కడ జలప్రసాదం కొళాయి దగ్గర మేమే వరుసలో నిలబడి, చెంబులు నింపుకుని, కళ్లకద్దుకుని తాగుతాము. ఆ నీరూ ఏదో ఒక ట్యాంకులో కాసేపు నిలిచే వచ్చిందని మాకు తట్టదు. కల్యాణమంటపంలో స్టీలు గ్లాసులో పోసినా, దారిలో టిఫిను కొట్టులో మగ్గులో ముంచి ఇచ్చినా, ఇంట్లో ఇరవై రూపాయల క్యాను వంచుకున్నా, ఆ నీటిని నిలవ చేసింది మరొక ట్యాంకే. ఎన్నిసార్లు నింపారో, లోపల ఎవరు తోమారో ఎవరికీ తెలియని ఆ క్యానును నమ్ముతాము. కంటి ముందున్న తమరిని నమ్మము. తమరు చేసిన తప్పల్లా మా సొంతం కావడమే. తమరిని ఎవరూ కడగలేదన్న సంగతి ప్రపంచంలో మాకొక్కరికే రూఢిగా తెలుసు.

ఇక తమ కడుపులో మేము ఏమేమి పోశామో చెప్పుకోవాలి. మొదట్లో కార్పొరేషన్ కొళాయి నీరు పోసేవాళ్లం. ఇటు కల్యాణి డ్యామ్ నుంచి, అటు కండలేరు మీదుగా తెలుగుగంగ నుంచి మా ఊరికి వచ్చే నీరు అది. అంటే శ్రీశైలం దగ్గర మల్లన్న పాదాల కింద పారే కృష్ణమ్మే కాలువల వెంట ఇంత దూరం నడిచి వచ్చి మా పైపులో దూరేది. అయితే దానికి బ్లీచింగ్ వాసన ఉందని మా అత్తగారు ముక్కు మూసుకున్నారు. అందుకని బోరు నీటికి మారాము. బోరు నీరు రెండు ప్రయాణాలకే కొళాయి మూతికి తెల్లటి ఉప్పు పెట్టి, సింకు మీద చినుకు పడిన చోటల్లా సున్నపు బొట్టు దిద్దింది. తాగునీటికి మన దేశపు ప్రమాణమైన ఐఎస్ 10500 కరిగిన లవణాలను లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు ఉంచమంటుంది, వేరే దిక్కు లేనప్పుడు 2000 దాకా సహించమంటుంది. మా బోరు ఆ సహనాన్ని పూర్తిగా వాడుకునే రకం.

చివరకు, తమ గౌరవార్థం ఖర్చుకు వెనుకాడకుండా, ప్లాంటు నుంచి ఆర్వో నీరు తెచ్చి నింపాము. ఇంత స్వచ్ఛమైన నీరు పోశాక కూడా వారం తిరిగేసరికి తమరు కంపు కొట్టారని మేమంతా తమరినే తిట్టాము. అసలు కథ వేరే ఉందని ఆలస్యంగా తెలిసింది. అత్తగారు ముక్కు మూసుకున్న ఆ బ్లీచింగ్ వాసనే నీటికి కావలివాడు. కొళాయి దగ్గరికి చేరేసరికి లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలని అదే ప్రమాణం చెబుతుంది. దారిలోనూ తొట్టిలోనూ పుట్టే క్రిములను చంపేది ఆ మిగులే. ఆర్వో యంత్రంలోని పొర క్లోరిన్‌కు పాడవుతుంది కాబట్టి, ముందుగానే బొగ్గు ఫిల్టరు పెట్టి క్లోరిన్‌ను తీసేస్తారు. అలా వచ్చిన నీటిని గ్లాసులో పోసుకుని వెంటనే తాగితే భేషుగ్గా ఉంటుంది. కడగని ట్యాంకులో పోసి వారం రోజులు ఉంచడం మాత్రం, కావలివాణ్ణి ఇంటికి పంపి వేరుశెనగ కుప్పను కళ్లంలో వదిలి రావడమే. డబ్బిచ్చి మరీ కావలివాణ్ణి పంపేసింది మేము, దొంగతనం మోపింది తమ మీద.

తమరికి మేము కల్పించిన వసతి గురించి కూడా రెండు మాటలు. మే నెల ఎండలో నీడలేని ఖాళీ స్థలంలో బండిని నిలిపి, తమలో సగం నీరు అలాగే ఉంచి, తాళం వేసుకుని పోయేవాళ్లం. గోరువెచ్చగా నిలిచిన నీరంటే క్రిములకు పుట్టింటితో సమానం. 1976లో ఫిలడెల్ఫియాలో మాజీ సైనికుల సమావేశానికి వెళ్లినవారిని మంచాన వేసి, ఆ తరువాత లీజియనెల్లా అని పేరు పెట్టించుకున్న క్రిమి కూడా ఇటువంటి వెచ్చదనాన్నే కోరుకుంటుంది. తమరు ఊపిరి పీల్చుకునే గాలి గొట్టానికి ఉన్న సన్నటి జాలీ చినిగి ఏడాది దాటింది. ఇంట్లో మాత్రం శుక్రవారం వస్తే డ్రై డే అని కుండలు, తొట్లు, కూలరు, చివరికి తులసికోట కింది పళ్లెం కూడా వంచి ఆరబెడతాము. వాకిట్లో బండిలో ఉన్న 50 లీటర్లు దోమల లెక్కలోకి రావని మా నమ్మకం. ఇక తమరిని నింపే పైపు కొబ్బరిచెట్టు మొదట్లో పడి ఉండే ఆకుపచ్చ తోట పైపు. ఎండకు కాగి లోపల నిలిచిన తొలి చెంబెడు నీటిని పారబోయాలన్న ఇంగితం కూడా లేకుండా, ఆ ప్లాస్టిక్ కషాయాన్ని మొదటి ముద్దగా తమకే పెట్టేవాళ్లం.

పోయిన నెల తలకోనలో ఈ పాపమంతా పండింది. 270 అడుగుల ఎత్తు నుంచి నీరు దూకే చోట, పొద్దున్నే బియ్యం కడుగుదామని మా ఆవిడ తమ కొళాయి తిప్పింది. పంపు గర్రుమంది. వచ్చిన నీటిలోంచి కుళ్లిన కోడిగుడ్డు వాసన బండి నిండా వ్యాపించింది. "ఏంది బావా, లోపల ఏమన్నా చచ్చిందా?" అని బావమరిది కిందికి దూకాడు. "దిష్టి తగిలింటుంది నాయనా" అన్నారు అత్తగారు. ఇక తప్పక నేను పలక ఎత్తి, మూత తిప్పి, చొక్కా చేయి భుజం దాకా మడిచి, తమ లోపలికి మొదటిసారిగా చేయి పెట్టాను.

పైన నీరు తేటగానే ఉంది, గ్లాసులో పట్టి వెలుగుకు ఎత్తి చూస్తే ఏ నలకా లేదు. గోడకు వేలు తగిలించగానే మాత్రం, నానబెట్టిన బెండకాయ ముక్కను పట్టుకున్నట్టు జారింది. గోటితో గీరితే బూడిదరంగు జిగురు ముద్దగా వచ్చింది. క్రిములు తమ చుట్టూ తామే అల్లుకునే గూడు అది, నీరు మార్చినంత మాత్రాన పోయేది కాదు. మూలన వేళ్లకు ఇసుక తగిలింది. దాని పక్కనే, మూడేళ్ల కిందట మేస్త్రీ చిల్లు వేసినప్పుడు రాలిన తెల్లటి ప్లాస్టిక్ రజను ఇంకా అక్కడే ఉంది. మూత లోపలి అంచున మా ఆవిడ పెట్టిన కుంకుమ చారలు కట్టి ఎండిపోయి ఉంది. ఆ రోజు అన్నం క్యాను నీటితో వండుకున్నాము. తమరిని మార్చేసి కొత్తది వేయించాలని బావమరిది, మా ఆవిడ ఏకగ్రీవంగా తీర్మానించారు. ఆ తీర్మానం మీద నేను మాత్రం సంతకం చేయలేదు.

తిరిగి వచ్చాక చేసిన ప్రాయశ్చిత్తం తమకు తెలిసిందే అయినా, రికార్డు కోసం వ్రాస్తున్నాను. ముందు తమరిని పూర్తిగా ఖాళీ చేసి, పొడుగాటి మెత్తటి బ్రష్షుతో చేయి అందినంత మేర తోమాను. బ్లీచింగ్ పౌడరును నేరుగా గుమ్మరించబోతే అందులో సున్నం కూడా ఉంటుందని, అది అడుగున గడ్డ కడుతుందని ఇంటి పక్కన ఉండే రిటైరైన పెద్దాయన ఆపారు. నూటికి 33 పాళ్లు క్లోరిన్ ఉన్న తాజా పౌడరు 15 గ్రాములు బకెట్టులో కలిపి, తేరుకున్నాక పైతేట మాత్రం తమలో పోసి, మిగతాదంతా నీటితో నింపాను. దానితో లీటరుకు 50 మిల్లీగ్రాముల క్లోరిన్ అవుతుంది. అయిదు శాతం ద్రావణమైతే 100 మిల్లీలీటర్లు సరిపోయేవి. ఫిల్టరు తీసి పక్కన పెట్టి, ప్రతి కొళాయిలోనూ ఆ వాసన వచ్చేదాకా పంపు నడిపి, నాలుగు గంటలు చాలునన్నా నమ్మకం చాలక రాత్రంతా ఉంచి, పొద్దున పారబోసి, వాసన పోయేదాకా మూడుసార్లు కడిగాను. కొళాయి మూతికి పట్టిన ఉప్పును వదిలించడానికి బావమరిది అదే నీటిలో బాత్రూం యాసిడ్ కలపబోయాడు. బ్లీచింగూ యాసిడూ కలిస్తే విషవాయువు పుడుతుంది కాబట్టి అతన్ని పక్క ఊరికి పని మీద పంపించి, మరో రోజు నిమ్మఉప్పుతో విడిగా ఆ పని ముగించాను.

ఇప్పుడు తమరికి కొత్త పైపు ఉంది. దాన్ని చుట్టి, రెండు కొసలకూ మూత పెట్టి, తమ పక్కనే ఉంచాను. గాలి గొట్టానికి కొత్త జాలీ వేశాను. కార్పొరేషన్ నీటినే పడుతున్నాను. బొగ్గు ఫిల్టరును నింపే వైపు కాక తాగే కొళాయి దగ్గర బిగించాను, అంటే కావలివాడు తమతోపాటు లోపలే కాపలా కాసి, గ్లాసు దాకా వచ్చాక సెలవు తీసుకుంటాడు. ఊరి నుంచి వచ్చిన రోజే తమరిని వంచేసి, మూత తెరిచి ఆరబెడుతున్నాను.

నిన్న సాయంత్రం ఇంటిల్లిపాదినీ బండి దగ్గరికి పిలిచి, అందరూ చూస్తుండగా తమ కొళాయి కింద గ్లాసు పట్టి, గడగడా తాగాను. నీరు బాగుంది. మా ఆవిడ గంటసేపు నన్ను కనిపెట్టుకుని కూర్చుంది. రాత్రి నాకు తుమ్ము వస్తే అందరూ తమ వంకే చూశారు. అయినా పొద్దున అత్తగారు తమ నీటితో కాఫీ పెట్టుకుని తాగారు. "కాచిన నీళ్లు కదా" అని దానికొక వివరణ కూడా ఇచ్చారు.

ఎల్లుండి హార్స్‌లీ కొండకు బయలుదేరుతున్నాము. తమరిని రేపు నింపుతాను. క్యాన్ల విషయం మాత్రం నన్ను అడగవద్దు. వెనుక పడక మీద దుప్పటి కప్పి గుండ్రంగా, వరుసగా మూడు ఆకారాలు కనిపిస్తే, అవి దిండ్లని అనుకోవలసిందిగా ప్రార్థన.

ఇట్లు,
తమ విధేయుడు,
బండి యజమాని