లెసోతో అంటే సౌత్ ఆఫ్రికా కాదు చిన్నమ్మా

ఇప్పుడే మా ఫ్యామిలీ గ్రూపులో చిన్నమ్మ మెసేజ్ పెట్టింది. "మా అక్క కూతురు వచ్చే నెల సౌత్ ఆఫ్రికా వెళ్తోంది, అందరూ ఆశీర్వదించండి." కింద వరసగా దండాల బొమ్మలు. ఆ కూతుర్ని నేనే. సౌత్ ఆఫ్రికా కాదు, లెసోతో అనే వేరే దేశం అని రాశాను. "అదేలేమ్మా, దాని మధ్యలోనే ఉందిగా, ఎవరికి తెలుస్తుంది" అంది.

మధ్యలో ఉంటే ఒకటే అయిపోతుందా? వాటికన్ చుట్టూ ఇటలీ ఉందని పోప్‌ను రోమ్ కార్పొరేటర్ అంటామా?

సౌత్ ఆఫ్రికాలో కలిసిపోకుండా ఉండటానికి ఆ దేశం పడిన పాట్లు చిన్నమ్మకు ఎవరు చెప్పాలి? మొష్వేష్వే అనే రాజు బాసోతో జనాన్ని కూడగట్టి థాబా బోసియు అనే కొండ మీద కోట కట్టుకున్నాడు. బోయర్లతో, అంటే అక్కడ స్థిరపడిన డచ్ సంతతి తెల్లవాళ్లతో, యుద్ధాల్లో పల్లపు నేల చాలావరకు పోయింది. మిగిలిన కొండలైనా దక్కాలని 1868లో బ్రిటిష్ వాళ్ల రక్షణ కిందికి వెళ్లాడు. 1966లో స్వాతంత్ర్యం వచ్చింది. చుట్టూ సౌత్ ఆఫ్రికాలో అపార్థీడ్, అంటే తెల్లవాళ్ల వర్ణవివక్ష పాలన, నడుస్తుంటే పారిపోయి వచ్చినవాళ్లకు చోటిచ్చింది. అందుకని 1982లో సౌత్ ఆఫ్రికా సైన్యం రాజధాని మసేరులోకి చొరబడి 42 మందిని చంపింది. అదే దేశం ఇవాళ వీళ్ల కొండల నీళ్లు కొనుక్కుని తాగుతోంది, అది వేరే సంగతి.

"ఆఫ్రికా కదా, ఎండలకు నల్లబడిపోతావు" అని ఇంకో అత్త. నంద్యాల ఎండలో ఇరవయ్యేళ్లు తిరిగినప్పుడు ఈ బెంగ లేదు! లెసోతోలో అన్నిటికన్నా పల్లపు చోటే 1,400 మీటర్ల ఎత్తున ఉంది. జూన్, జూలైలు అక్కడ చలికాలం, మంచు పడుతుంది. జనం దుప్పట్లు కప్పుకుని గుర్రాల మీద తిరుగుతారు. నేను స్వెటర్లు కొంటుంటే గ్రూపంతా నవ్వింది.

రోగాల గురించి అడిగారు. ఉన్నాయి. పెద్దవాళ్లలో దాదాపు ఐదుగురిలో ఒకరికి హెచ్‌ఐవీ ఉంది. షేక్ హ్యాండ్ ఇస్తే వచ్చేది కాదు కదా! మన రాష్ట్రం కూడా దేశంలో ఎక్కువ కేసులున్న వాటిలో ఒకటి, ఆ మాటెత్తితే మాత్రం అందరికీ అర్జెంటుగా పనులు గుర్తొస్తాయి.

పెద్దనాన్నకు ఒక్కరికే ఆ దేశం గురించి కొంత తెలుసు. "అక్కడ వజ్రాలు దొరుకుతాయంట కదా?" దొరుకుతాయి. 2018లో 910 క్యారెట్ల రాయి దొరికింది. ఏటా తొలకరి పడగానే జొన్నగిరి చేలల్లో తలవంచుకుని రాళ్లు ఏరే మనిషి ఆయన, ఇంతవరకూ గులకరాయి తప్ప ఏమీ దొరకలేదు. ఇప్పుడు ఆ ఆశ నా మీద పెట్టుకున్నాడు. పెద్దనాన్నా, నేను వెళ్లేది లెక్కలు చెప్పడానికి, గనికి కాదు.

2025 మార్చిలో ట్రంప్ అమెరికా పార్లమెంటులో నిలబడి లెసోతో పేరు ఎవరూ వినలేదని వెక్కిరించాడు, సభలో నవ్వులు. ఏప్రిల్‌లో జీన్సు ప్యాంట్లు కుట్టి బతికే ఆ దేశం మీద 50 శాతం సుంకం అన్నాడు, తర్వాత తగ్గించాడనుకోండి. పేరే వినని దేశానికి సుంకం ఎలా లెక్కగట్టాడో! ఆ వీడియో మా గ్రూపులో నవ్వుల బొమ్మలతో పెట్టింది ఎవరు? మా బావ. లక్ష డాలర్ల వీసా ఫీజు అని అదే ట్రంప్ అన్నప్పుడు రాత్రంతా టెన్షన్‌తో లాయర్లకు ఫోన్లు చేసిన బావే.

బావ ఎమ్మెస్‌కు వెళ్లిన రోజు గుర్తుంది నాకు. అప్పు చేసి చదువుకోడానికి వెళ్తున్న మనిషికి ఊళ్లో ఫ్లెక్సీ కట్టారు. శంషాబాద్ దాకా మూడు ఇన్నోవాలు. మా నాన్న బ్యాంకులో ష్యూరిటీ సంతకం పెట్టి, ఇన్నోవాలో చోటు లేదంటే బస్సులో వెళ్లాడు. అదే నేను ఇంజినీరింగ్ వద్దని బీఈడీ చేరితే ఈ చిన్నమ్మే అమ్మను పక్కకు పిలిచి "పిల్లకు ఏమన్నా మార్కులు తక్కువొచ్చాయా" అని అడిగింది. వంటింట్లో నాకు వినిపించదనుకుంది.

ఇప్పుడు జీతం ఎంత అంటారు. గది, తిండి, చేతి ఖర్చులకు కొంత అన్నాను. గ్రూపు గప్‌చుప్. కాసేపటికి ఎవరో "పోనీలే, పుణ్యం" అన్నారు. ఆ మాటకు ఇంకా ఒళ్లు మండింది. అక్కడ పిల్లలేమీ నా దయ కోసం కూర్చోలేదు. హైస్కూళ్లలో మగపిల్లల కంటే ఆడపిల్లలే ఎక్కువ. మగపిల్లలు చాలామంది పశువుల వెంట కొండల్లో ఉంటారు. వాళ్లకు లెక్కల టీచరు కావాలి, నాకు లెక్కలు చెప్పడం వచ్చు. ఇందులో పుణ్యం ఎక్కడుంది?

హైదరాబాద్ నుంచి నేరుగా విమానం లేదు, జోహన్నెస్‌బర్గ్‌లో మారాలి. శంషాబాద్‌కు ఎవరూ రానక్కర్లేదు. నాన్న వస్తాడు. ఈసారి కారులో, ముందు సీట్లో.