పురిటింట్లో తండ్రి చుట్టమైతే

మనలో చాలా ఇళ్లల్లో తొలి కాన్పు పుట్టింట్లోనే. మూడో నెలో, ఐదో నెలో వచ్చాక గానీ తల్లీబిడ్డలు అత్తింటికి చేరరు. బాలింతకు అడగకుండానే సాయం అందే చోటు పుట్టిల్లే కాబట్టి ఈ ఆచారాన్ని తీసిపారేయలేం. కానీ ఆ నెలలన్నీ బిడ్డ తండ్రి ఏమవుతున్నాడు? శనివారం రాత్రి బస్సెక్కి వచ్చి ఆదివారం సాయంత్రం వెళ్లిపోయే అల్లుడుగారు అవుతున్నాడు. కాఫీ, టిఫిను చేతికే వస్తాయి. బిడ్డను ఎత్తుకోబోతే ‘మీకు అలవాటు లేదు బాబూ, మెడ నిలబడలేదింకా, ఇటివ్వండి’ అంటారు అత్తగారు. పెంపకంలో తండ్రి వెనకబడటం ఆ క్షణంలోనే మొదలవుతుంది. ప్రేమ లేక కాదు, చేయి తిరగక.

లెక్క చూడండి. పసిబిడ్డకు రోజుకు 8 నుంచి 12 సార్లు పాలివ్వాలి. విడతకు అరగంట వేసుకున్నా పదిసార్లకు ఐదు గంటలు. త్రేన్పు తెప్పించడం, తడిబట్ట మార్చడం, మళ్లీ నిద్రపుచ్చడం కలిపితే పది గంటలకు చేరుతుంది. రాత్రీ పగలూ తేడా లేదు. ఇందులో తల్లి మాత్రమే చేయగలిగింది పాలివ్వడం ఒక్కటే. తక్కిన సగం ఎవరైనా చేయొచ్చు.

త్రేన్పు సంగతే తీసుకోండి. భుజం మీద పాత నూలు తువ్వాలు వేసుకుని, బిడ్డ గడ్డం దానికి ఆనేలా నిలువుగా ఎత్తుకోవాలి. ఒక చేయి పిరుదుల కింద ఉంచి, రెండో అరచేతిని దొప్పలా వంచి వీపు మీద మెల్లగా తట్టాలి. పది నిమిషాలు పట్టొచ్చు. తొందరపడి పడుకోబెడితే చాలామంది పిల్లలు కాసేపటికే మెలికలు తిరుగుతూ లేస్తారు. పడుకోబెట్టేటప్పుడు వెల్లకిలానే. పక్కన దిండ్లు, మెత్తటి బొంతలు ఉండకూడదు. ఇవన్నీ పుస్తకం చదివితే రావు. పదిసార్లు చేస్తే పదకొండోసారికి చేతులే చేసుకుపోతాయి. అత్తగారికి ఉన్న నేర్పూ అలా వచ్చిందే.

ఇంకో పని ఉంది, అది తండ్రికి బాగా నప్పుతుంది. బిడ్డ కాస్త ఎక్కువ ఏడిస్తే ‘పాలు చాలడం లేదేమో’ అని ఇంట్లో ఎవరో ఒకరు అంటారు. సాయంత్రానికి పాలపిండి డబ్బా దిగుతుంది. డబ్బా పాలతో కడుపు నిండిన బిడ్డ రొమ్ము తక్కువ పడుతుంది. పట్టడం తగ్గేకొద్దీ పాలూ తగ్గుతాయి. కొన్నాళ్లకు ఆ అనుమానమే నిజమై కూర్చుంటుంది. దీన్ని ఆపేది తండ్రి ఒక నోటుబుక్కులో రాసిపెట్టే లెక్క. ఐదో రోజు దాటాక 24 గంటల్లో కనీసం ఆరుసార్లు బట్ట తడుపుతూ, రోజుకు సగటున 25-30 గ్రాముల బరువు పెరుగుతుంటే పాలు చాలుతున్నట్టే. పుట్టిన తొలి రోజుల్లో పిల్లలు పది శాతం దాకా బరువు తగ్గి, రెండు వారాలకల్లా మళ్లీ పుంజుకుంటారు. ఆ తగ్గుదల చూసి కంగారుపడేవాళ్లే ఎక్కువ. లెక్క తప్పితే మాత్రం ఆ రోజే డాక్టరుకు చూపించాలి. 21 రోజుల్లోపు జనన నమోదు, 6, 10, 14 వారాల టీకాలు కూడా ఆ నోటుబుక్కులోనే ఉండాలి. తేనె నాకించడం, ముక్కులో నూనె చుక్కలు వేయడం వద్దని పెద్దవాళ్లకు నెమ్మదిగా చెప్పాల్సిందీ తండ్రే. కూతురు చెబితే కొట్టిపారేసే మాట అల్లుడు చెబితే చెవిన పడుతుంది.

బాలింత మనసు మరీ ముఖ్యం. కాన్పయిన మూడు నాలుగు రోజులకు కారణం లేకుండా కన్నీళ్లు రావడం మామూలే, రెండు వారాల్లో సర్దుకుంటుంది. అంతకు మించి సాగినా, బిడ్డ నిద్రపోతున్నా తనకు నిద్ర పట్టకున్నా, అది నీరసం కాదు, వైద్యం కావాల్సిన దిగులు. దాన్ని వారానికోసారి వచ్చే మనిషి కనిపెట్టలేడు.

మరి సెలవేదీ? 2017 ప్రసూతి ప్రయోజనాల సవరణ చట్టం తల్లికి తొలి ఇద్దరు పిల్లల కాన్పులకు 26 వారాల జీతంతో కూడిన సెలవిచ్చింది. కేంద్ర ప్రభుత్వంలో పనిచేసే మగవాళ్లకు దక్కేది 15 రోజులు, అదీ బిడ్డకు ఆరు నెలలు నిండేలోపు వాడుకోవాలి. ప్రైవేటు ఉద్యోగులకు ఆ హక్కు చట్టంలో లేదు, కంపెనీ దయే. కూలిపని చేసేవాడికి ఆ మాటే లేదు. బిడ్డ బాధ్యత తల్లిదేనని చట్టమే చెబుతున్నట్టుంది. ఇది మారాలి.

మారేలోగా, దొరికిన నాలుగు రోజులనూ చాలామంది కాన్పు వారంలోనే ఖర్చుపెట్టేస్తున్నారు. అప్పుడు ఇంటినిండా జనమే. బారసాల అయి చుట్టాలు వెళ్లిపోయాక, నాలుగో వారం నుంచి ఆరో వారం దాకా అసలు అవసరం. పిల్లల ఏడుపు తారస్థాయికి చేరేది ఆరో వారం ప్రాంతంలోనే. తల్లిపాలు కుదురుకుని ఉంటాయి కాబట్టి, తల్లి తన రొమ్ము నుంచి ముందే పిండి ఉంచిన పాలను రాత్రిపూట ఒక విడత తండ్రే ఉగ్గుగిన్నెతో పట్టొచ్చు. ఆ గిన్నెను వేడినీళ్లలో ఉంచి గోరువెచ్చగా చేయాలి, పొయ్యి మీద కాచకూడదు.

ఎదుటి మొహాన్ని చూసి బిడ్డ బోసినవ్వు నవ్వేదీ ఆ రోజుల్లోనే. అప్పటిదాకా కనిపించిన నవ్వులు నిద్రలోవి. ఇది మాత్రం ఎదురుగా ఉన్న మనిషి కోసం. అర్ధరాత్రి దాటాక ఉగ్గుగిన్నె పట్టుకుని కూర్చున్నది తండ్రయితే, ఆ నవ్వు ఆయనకే.