తుప్పు పట్టించే విద్య

నలభై ఐదు దాటిన మగవాడికి ఏదో ఒక పిచ్చి పట్టక తప్పదు. ఇది ప్రకృతి ధర్మం, చర్చ అనవసరం. మన తిరుపతిలో ఆ వయసు వచ్చినవాళ్ళు కొందరు అలిపిరి మెట్లు పట్టుకుంటారు. 3,550 మెట్లూ ఎంత సేపట్లో ఎక్కారో ఫోన్ తీసి అడగనివాళ్ళకు కూడా చూపిస్తారు. ఇంకొందరు రేణిగుంట రోడ్డు వైపు అంకణాల లెక్కన స్థలం కొని, ప్రతి ఆదివారం పోయి హద్దురాళ్ళు ఉన్నచోటే ఉన్నాయా అని చూసుకొని వస్తారు. బైరాగిపట్టెడలో ఉండే నా మిత్రుడు, బ్యాంకు ఆఫీసరు, యుద్ధ ట్యాంకు కట్టడం మొదలుపెట్టాడు. వీటన్నిట్లోకీ సమాజానికి అతి తక్కువ నష్టం చేసేది ఈ మూడోదేనని నా నిశ్చితాభిప్రాయం. ఆయన మీద వాళ్ళింట్లోనూ, మా వీధిలోనూ జరుగుతున్న దుష్ప్రచారాన్ని ఖండించడం నా బాధ్యతగా భావిస్తున్నాను.

ముందు భయాలు తీర్చాలి. ట్యాంకు ప్లాస్టిక్‌ది. ముక్కలన్నీ చట్రాలకు అంటుకొని అట్టపెట్టెలో వస్తాయి. వాటిని కత్తిరించి, గీకి, సాండ్‌పేపరు పట్టి, అతికించి, రంగు వెయ్యాలి. కొత్తగా చేతులు పెట్టేవాళ్ళను తేలికైన ట్యాంకు తీసుకోమంటారు తెలిసినవాళ్ళు. రష్యా వాళ్ళ టి-34కు పక్కకు అయిదు జతల చక్రాలే. మావాడు ఆ మాట వినలేదు. ఏకంగా జర్మనీ వాళ్ళ టైగర్ తెప్పించాడు. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా షెర్మన్ ట్యాంకులు యాభై వేలకు దగ్గరగా చేసింది, టి-34లు అంతకంటే ఎక్కువ. ఈ టైగర్లు అంతా కలిపి 1,350 లోపే. చేసింది తక్కువ, చెప్పుకునేది ఎక్కువ. అందుకే మన దేశంలోనూ దీనికి అభిమానులు దొరుకుతున్నారు.

అసలు టైగర్ బరువు సుమారు 57 టన్నులు. పెట్టె మీద 1/35 అని రాసి ఉంది. పొడవూ, వెడల్పూ, ఎత్తూ మూడూ ముప్పై ఐదో వంతుకు తగ్గుతాయి గనక బరువును 42,875తో భాగించాలి. అంటే కిలో మూడు వందల గ్రాముల పైచిలుకు. ప్లాస్టిక్ కాబట్టి అంత కూడా ఉండదు. ఈ లెక్క ఎందుకు చెప్తున్నానంటే, మేడ మీద గదిలో ట్యాంకు కడుతున్నాడని తెలిసి కింది వాటాలోవాళ్ళు శ్లాబు సంగతి అడిగారు.

ఇంతకీ ముప్పై ఐదో వంతే ఎందుకు? దీని వెనక గొప్ప శాస్త్రం ఉంటుందనుకున్నాను. జపాన్‌లో షిజువోకా ఊళ్ళో టామియా అనే కంపెనీ 1960ల మొదట్లో పాంథర్ ట్యాంకు బొమ్మ చేసింది. అది కదలాలంటే మోటారు కావాలి, మోటారుకు బ్యాటరీలు కావాలి. ఆ బ్యాటరీలు పట్టేంత వెడల్పు పెట్టి బొమ్మ చేశారు. తర్వాత తీరిగ్గా కొలిచి చూసుకుంటే ముప్పై ఐదో వంతు అని తేలింది. ఇప్పుడు ట్యాంకు బొమ్మలు చేసే కంపెనీల్లో చాలావాటికి అదే ప్రమాణం. ముందు కట్టేసి, తర్వాత కొలత రాసుకుంటే జపాన్ వాళ్ళను లోకమంతా నెత్తిన పెట్టుకుంది. అదే పని మన ఊళ్ళో ఒక అపార్ట్‌మెంటు ఓనరు చేసి, అయిదో అంతస్తు వేశాక ప్లాను గీయించుకుంటే నోటీసులిస్తారు. ఇదేం న్యాయం?

ఇక చక్రాలు. తొలి రకం టైగర్‌కు పక్కకు ఎనిమిది ఇరుసులు, ఇరుసుకు మూడు చక్రాలు. రెండు పక్కలా కలిపి 48. అవి ఒకదాని సందులో ఒకటి దూరి వరసలుగా ఉంటాయి. బయటి వరస పెట్టాక లోపలి వరస సగం కనపడదు. దాని మీద గొలుసు పట్టా, పైన రేకు వస్తే ఆ సగమూ కనపడదు. మావాడు ఆ లోపలి చక్రాలను కూడా ఒక్కొక్కదాన్ని పంటిపుల్లకు గుచ్చి, అంచున రబ్బరు నలుపు, మధ్యలో పసుపు, బోల్టుల చుట్టూ చమురు మరక, ఇలా ఊపిరి బిగబట్టి రంగు వేస్తుంటే నేను పక్కనే కూర్చుని చూశాను. చక్రం అంగుళం కూడా లేదు.

"ఇవి కనపడవు గదా?" అన్నాను.

"నాకు తెలుసు గదా" అన్నాడు తలెత్తకుండా.

ఈ జవాబు విని నాకు మాట రాలేదు. పైకి కనపడే తారుకే రెండో పొర వెయ్యని కాంట్రాక్టర్ల మధ్య బతుకుతున్నాం. కింద కంకర ఎంత పడిందో పైవాడికీ, తొలి వానకూ తప్ప ఎవరికీ తెలియదు. అలాంటి ఊళ్ళో, ఎవరూ చూడని చక్రానికి ఎవరూ అడగని చమురు మరక పెట్టే మనిషి ఒకడున్నాడు. అయితే ఆ నిజాయితీ ముప్పై ఐదో వంతులోనే దొరుకుతుంది. వాళ్ళింటి గేటు ముట్టుకుంటే చేతికి ఎర్రగా అంటుకుంటుంది. దాని గురించి వాళ్ళావిడ నన్నే పంచాయితీకి పిలిచింది.

"చూడన్నా, అగ్గిపుల్లంత సామానుకు ఆరు రంగులేస్తాడు. గేటుకు ఒక్క రంగు వెయ్యమంటే పెయింటరు రావాలంటాడు. నువ్వైనా చెప్పన్నా."

నేను ఇద్దరి మధ్యా న్యాయంగా ఆలోచించాను. గేటు ఒకటికి ఒకటి స్కేలు. అంత పెద్ద బ్రష్షు ఆయన దగ్గర లేదు. ఆ మాటే చెప్పాను. ఆ రోజు కాఫీ రాలేదు.

రంగు సంగతి ఇంకా పెద్ద గొడవ. 1943 ఫిబ్రవరిలో జర్మన్ సైన్యం ట్యాంకుల మూలరంగును ముదురు బూడిద నుంచి ముదురు పసుపుకు మార్చింది. ఆ పసుపు అసలు ఏ పసుపు అన్నదాని మీద ఇప్పటికీ తగాదా తెగలేదు. కాస్త ఆకుపచ్చ ఉండాలని ఒక వర్గం, ఇసుక ఛాయ అని ఇంకో వర్గం. మన దగ్గర నామం ఎలా పెట్టాలన్నదాని మీద కోర్టులదాకా పోయిన వాళ్ళున్నారు గనక ఇది నాకు వింతగా అనిపించలేదు. తమాషా ఏంటంటే, మూలరంగు మీద మరకలు వెయ్యడానికి సైనికులకు రంగు ముద్దగా డబ్బాల్లో వచ్చేది. నీళ్ళు దొరికితే నీళ్ళు, పెట్రోలు దొరికితే పెట్రోలు కలిపి, చేతికొచ్చినట్టు పూసేసి యుద్ధానికి పోయారు. ఆ వేసినవాళ్ళకు లేని పట్టింపు బైరాగిపట్టెడలో ఉంది.

దానికి తోడు మే నెల. సీసాలో ముంచిన బ్రష్షు ట్యాంకు దాకా వచ్చేలోపే ఆరిపోతుంది. ఫ్యాను వేస్తే ఇంకా తొందరగా ఆరుతుంది, పైగా దుమ్ము లేస్తుంది. ఫ్యాను ఆపితే చెమట చుక్క టరెట్ మీద, అంటే ఫిరంగి ఉండే తిరిగే పైభాగం మీద, పడుతుంది. చివరికి సుప్రభాతం వేళకు లేచి, చల్లగా ఉండగా రంగు వెయ్యడం మొదలుపెట్టాడు. తెల్లవారుజామున ఆయన గదిలో లైటు చూసి మనిషి దైవచింతనలో పడ్డాడని వాళ్ళ అత్తగారు పుత్తూరంతా చెప్పింది. ఈ అపోహను తొలగించే ప్రయత్నం ఎవరూ చెయ్యలేదు.

ఇంతవరకూ జరిగింది మామూలు పిచ్చి. శుభ్రంగా రంగు పడి, మచ్చలేకుండా నిగనిగలాడుతున్న ట్యాంకును చూసి వాళ్ళావిడ కూడా "బాగుండాది" అంది. అప్పుడు మొదలుపెట్టాడు అసలు పని. దాన్ని పాడుచెయ్యడం.

ఈ విద్యలో సగం ప్రతిభ ఇక్కడే ఉందట. కొత్తగా కనపడే ట్యాంకు అవమానం. రంగు పెచ్చులూడాలి, మూలల్లో తుప్పు దిగాలి, బురద చిమ్మాలి, పొగ మసి పట్టాలి. ఎవరూ పట్టించుకోక ఏళ్ళ తరబడి ఎండకూ వానకూ వదిలేసినట్టు కనపడాలి. మన ఊళ్ళో సగం సామాన్లకు ఈ గౌరవం పైసా ఖర్చు లేకుండా దక్కుతోంది. మావాడు దానికోసం సీసాల్లో తుప్పు కొన్నాడు. లేత తుప్పు వేరు, ముదురు తుప్పు వేరు. అసలు ట్యాంకులో ఉన్న సైనికులు బురద కడుక్కోలేక చచ్చారు. రష్యా చలికి ఈ 48 చక్రాల సందుల్లో బురద గడ్డకట్టి ట్యాంకు కదలకుండా పోయేది. వాళ్ళు ఏ బురదనైతే గునపాలతో పొడిచి తీశారో, ఈయన దాన్నే సన్నటి బ్రష్షుతో తిరిగి పెట్టాడు. దేని విలువ ఎప్పుడు పెరుగుతుందో ఎవరు చెప్పగలరు?

తుప్పు మీద చిన్నచూపు ఉన్నవాళ్ళు ఒక్కసారి శ్రీకాళహస్తి పోయి రండి. కలంకారీ వాళ్ళు గీతలు గీసే నల్లరంగు, తుప్పు పట్టిన ఇనుప ముక్కలను బెల్లం నీళ్ళలో రోజుల తరబడి నానబెట్టి, పులియబెట్టి తీసిందే. కరక్కాయ పట్టించిన బట్ట మీద పడగానే అది నలుపు తిరుగుతుంది. కాబట్టి తుప్పుతో బొమ్మలు వెయ్యడం మన జిల్లాల సొత్తు. ఐరోపా వాళ్ళు తర్వాత వచ్చి సీసాలకు లేబుళ్ళు అంటించారు.

తుప్పు ఎలా ఉంటుందో చూసి నేర్చుకోవాలని మావాడు ఊరి మీద పడ్డాడు. లీలామహల్ సర్కిల్ దగ్గర ఆగి ఉన్న ఒక ఆటో ముందు గొంతుక్కూర్చొని, మడ్‌గార్డు అంచును దగ్గరగా ఫోటోలు తీస్తున్నాడు. డ్రైవరు టీ గ్లాసు వదిలేసి పరిగెత్తుకొచ్చాడు.

"ఏం సామీ, ఫైనాన్సోళ్ళా?"

"కాదబ్బా. తుప్పు చూస్తా ఉండా."

"రెండు కంతులే సామీ బాకీ. ఈ నెల్లో కట్టేస్తా."

"చాలా బాగుంది నీ తుప్పు. యాడా చేత్తో ముట్టుకోలేదు గదా?"

ఫైనాన్సు వాళ్ళు ఈమధ్య ఇలా వెటకారంగా మాట్లాడి పరువు తీస్తున్నారని ఆ డ్రైవరు స్టాండులో అందరికీ చెప్పుకున్నాడట.

అంతకంటే ఇబ్బంది హెయిర్‌స్ప్రేతో వచ్చింది. ముందు తుప్పు రంగు వేసి, దాని మీద హెయిర్‌స్ప్రే కొట్టి, ఆ పైన పసుపు వెయ్యాలి. ఆరాక తడి బ్రష్షుతో రుద్దితే మధ్యలో ఉన్న స్ప్రే కరిగి పై రంగు పెచ్చులుగా లేస్తుంది, కింది తుప్పు బయటపడుతుంది. ఎవడు కనిపెట్టాడో గానీ గొప్ప ఉపాయం. అయితే ఆయన అంతకు ముందురోజే కొండకు పోయి తలనీలాలు ఇచ్చి వచ్చాడు. చందనం ఇంకా ఆరని గుండుతో గాంధీరోడ్డులో ఫ్యాన్సీ షాపుకు పోయి హెయిర్‌స్ప్రే అడిగాడు.

"ఎవరికి సార్?"

"నాకే."

"గట్టిగా పట్టుకునేదా, మామూలుదా?"

"పట్టుకోకూడదు. రుద్దితే ఊడిపోవాల."

కుర్రాడు ఒకసారి గుండు చూశాడు, ఒకసారి డబ్బా చూశాడు. తిరుపతిలో అంగడి పెట్టుకున్నవాడు గుండును చూసి నవ్వకూడదు. నవ్వలేదు. బిల్లు వేసి ఇచ్చాడు.

ఆఖరికి దుమ్ము. రష్యా మట్టి, ఐరోపా దుమ్ము, ఆఫ్రికా దుమ్ము అని పేర్లు పెట్టి పొడులు చిన్న సీసాల్లో అమ్ముతారు. ఆ సీసాలు వచ్చిన రోజు చూడాలి. గదిలో ఒక మూల చెల్లెమ్మ దుమ్ము తుడుస్తోంది, ఇంకో మూల ఆయన దుమ్ము పూస్తున్నాడు. "మన వీధిలో దుమ్ము పనికిరాదా?" అని ఆమె అడిగిన ప్రశ్నకు ఆయన దగ్గర సమాధానం ఉంది. మన వీధి దుమ్ము ఒకటికి ఒకటి స్కేలు. ఆ రేణువులు ట్యాంకు మీద బండరాళ్ళలా కనపడతాయి. అయినా ఇంటిదాని మాట కాదనలేక గేటు దగ్గరి మట్టి తెచ్చి జల్లించి చూశాడు. దేంతో జల్లించాడో మర్నాడు పొద్దున టీ తాగినవాళ్ళకు తెలిసింది.

ఒక్క విషయంలో నేనూ ఆయనతో విభేదించాను. సప్తగిరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి చెన్నై పోతుంటే దారిలో ఆవడి వస్తుంది. 1965 నుంచి మన సైన్యానికి విజయంత ట్యాంకులు తయారైన ఊరు. అంత దగ్గర్లో మన ట్యాంకు ఉండగా జర్మనీ వాళ్ళది ఎందుకని అడిగాను. "విజయంతకు తుప్పు పట్టించడానికి నాకు మనసొప్పదు" అన్నాడు. దేశభక్తి ఇంత లోతుగా ఉంటుందని నేను అనుకోలేదు.

దసరాకు ట్యాంకు పూర్తయింది. బొమ్మలు పెట్టడానికి మన ఇళ్ళల్లో ఒప్పుకునే చోటు ఒకటే, బొమ్మల కొలువు. పై మెట్ల మీద దేవుళ్ళు, కింద ఎర్రచందనం మరపాచి బొమ్మల జంట, పప్పులూ బియ్యం ముందేసుకున్న శెట్టి దంపతులు, నేల మీద రాగులు మొలకెత్తించిన పచ్చిక. ఆ పచ్చికలో టైగర్‌ను నిలబెట్టాడు. ఫిరంగి శెట్టిగారి కొట్టు వైపు తిరిగి ఉందని చెల్లెమ్మ అభ్యంతరం చెప్పింది. టరెట్ తిప్పి రాజీ కుదిర్చారు.

పేరంటానికి వచ్చిన ఆడవాళ్ళంతా గుగ్గిళ్ళు తీసుకొని దేవుళ్ళను చూసి పోయారు. పక్కవీధి పెద్దావిడ ఒకామె మాత్రం కళ్ళజోడు సర్దుకొని వంగి చూసింది.

"ఇదేంది నాయనా, పాత సామాన్ల అంగట్లో పట్టుకొచ్చినావా? పండగ పూట రొంత కొత్తది తేకూడదా?"

మావాడి మొహం వెలిగిపోయింది. ఆమె చేతికి ఇంకో పొట్లం గుగ్గిళ్ళిచ్చి, వీధి చివరిదాకా దిగబెట్టి వచ్చాడు. ఉద్యోగంలో ప్రమోషన్ వచ్చినరోజు కూడా ఆయన్ను అంత సంతోషంగా చూడలేదు.

ఆ ఊపులోనే గేటుకు రంగు వెయ్యడానికి ఒప్పుకున్నాడు. పనులు మొదలయ్యాయి కూడా. ఆ గేటుకు మొట్టమొదట వేసింది ఏ ఛాయ ఆకుపచ్చ అన్నది తేలాల్సి ఉంది. కట్టిన మేస్త్రీ కోసం ములకలచెరువుకు మనిషిని పంపారు.