చావు మీద హక్కు సరే, ముందు జబ్బు పేరు చెప్పండి

కాకినాడలోనో రాజమండ్రిలోనో ఏదో ఒక ప్రైవేటు ఆసుపత్రి ఐసీయూ బయట కాసేపు కూర్చోండి. ఈ మాట చెవిన పడకుండా ఉండదు: "పెద్దబ్బాయి ఎల్లుండి పొద్దున్నకి దిగుతాడండి. అప్పటిదాకా ఎలాగోలా ఉంచండి డాక్టరుగారూ." ఉంచుతారు. వెంటిలేటర్ మీద, రోజుకి ఇంత అని బిల్లు కట్టించుకుని ఉంచుతారు. అబ్బాయి డల్లాస్ నుంచి హైదరాబాద్ మీదుగా దిగి, తండ్రి చెయ్యి పట్టుకుని రెండుసార్లు పిలిచి, బయటికొచ్చి బావగారితో గుసగుసలాడి, కాగితం మీద సంతకం పెడతాడు. మా ఇష్టప్రకారం, మా పూచీ మీద ఇంటికి తీసుకెళ్తున్నాం అని. అంబులెన్సు రావులపాలెం దాటేసరికే ఊళ్ళో షామియానా వాడికి ఫోను వెళ్ళిపోయి ఉంటుంది.

ఇందులో చెడ్డవాళ్ళెవరూ లేరు. ఆ కొడుకు విమానంలో కన్ను మూసి ఉండడు. కానీ ఒక మనిషి ఎప్పుడు పోవాలన్నది అక్కడ నిర్ణయమైపోయింది, అదీ టికెట్టు దొరికిన రోజును బట్టి. పోయేవాడినైతే ఎవరూ అడగలేదు. నోట మాట ఉన్న రోజుల్లోనూ అడగలేదు.

బాధ భరించలేని రోగి డాక్టరు సాయంతో ప్రాణం వదలొచ్చా అన్న చర్చ మన టీవీల్లోకి వచ్చినప్పుడల్లా నాకు ఈ సంతకమే గుర్తొస్తుంది. నెదర్లాండ్స్‌లో ఆ చట్టం 2002 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. అమెరికాలో ఒరెగాన్ రాష్ట్రం 1997లోనే మొదలుపెట్టింది. కెనడా 2016లో తెచ్చింది. బ్రిటన్ కామన్స్ సభ 2025 జూన్ 20న 314-291 ఓట్లతో బిల్లుకి ఆమోదం తెలిపింది. సభ దాదాపు చెరిసగం చీలిపోయిందంటే ఇదేమీ తేలిగ్గా తేలే వ్యవహారం కాదని అర్థం. అయితే ఈ దేశాల్లో అటు వాదించేవాళ్ళూ ఇటు వాదించేవాళ్ళూ ఒక విషయం ముందే ఒప్పేసుకున్నారు. రోగికి తన జబ్బేమిటో తెలుసు. ఇంకెన్నాళ్ళుంటాడో డాక్టరు అతనికే చెప్పాడు, కొడుక్కి కాదు. తన ప్రాణం మీద తనదే నిర్ణయం అనే మాట అక్కడి నుంచి మొదలవుతుంది. మన డెల్టాలో ఆ మొదటి మెట్టే లేదు.

ఎవరింట్లో చూసినా ఇదే తంతు. స్కానింగు రిపోర్టు పెద్దాయన చేతికి రాదు, అల్లుడి బ్యాగులోకి వెళ్తుంది. "ఆయనకి మాత్రం తెలియనివ్వకండి, తట్టుకోలేరు" అని డాక్టరుకి ముందే చెప్పి ఉంచుతారు. డాక్టరూ సరేనంటాడు, ఎందుకంటే బిల్లు కట్టేది వీళ్ళు, రేపు గొడవ పెట్టుకునేదీ వీళ్ళే. పెద్దాయనకి 'లోపల చిన్న పుండు' అని చెప్తారు. హైదరాబాద్ తీసుకెళ్తారు. గేటు మీద క్యాన్సర్ ఆసుపత్రి అని అంత పెద్ద అక్షరాలతో రాసి ఉంటుంది. నలభై ఏళ్ళు సొసైటీ పద్దులు రాసిన మనిషి, ఆ బోర్డు చదవలేడా? "ఇక్కడ స్కానింగు బాగా తీస్తారు నాన్నా" అంటాడు కొడుకు. ఆయన తలూపుతాడు. తనకి తెలిసిపోయిందని పిల్లలకి తెలిస్తే వాళ్ళు బాధపడతారని ఆయన కూడా నటిస్తాడు. అలా ఇల్లంతా ఒకరినొకరు కాపాడుకుంటూ ఉండగా, ఆయనకి మిగిలిన ఆ కాసిని నెలల్లో చెప్పాల్సిన మాటలూ తీర్చుకోవాల్సిన ముచ్చట్లూ అన్నీ ఉండిపోతాయి. నాలుగో కీమోకి వెళ్ళాలా వద్దా అన్నది కూడా ఆయన చేతిలో ఉండదు. జబ్బు పేరే చెప్పని మనిషికి చావు గురించి ఎంచుకునే హక్కు ఇస్తామనడం నాకు వింతగా ఉంటుంది.

మన సంస్కృతి దీన్ని ఒప్పుకోదు అనేవాళ్ళున్నారు. ఆ వాదన నిలవదు. భీష్ముడు ఉత్తరాయణం కోసం అంపశయ్య మీద ఆగిన కథ వింటూ పెరిగిన జాతి మనది. పరీక్షిత్తు గంగ ఒడ్డున ప్రాయోపవేశం, అంటే తిండి మానేసి చావు కోసం కూర్చోవడం, చేస్తేనే మనకి భాగవతం వినపడింది. జైనులు ఉపవాసంతో ప్రాణం వదిలే సంథారా చట్టవిరుద్ధమని 2015 ఆగస్టులో రాజస్థాన్ హైకోర్టు అంటే, అదే నెలాఖరుకి సుప్రీంకోర్టు ఆ తీర్పుని ఆపింది. రోజూ దేవుడి దగ్గర 'అనాయాసేన మరణం', బాధ లేని చావు ఇవ్వు, అని కోరుకుంటాం కూడా. కాబట్టి అడ్డు సంస్కృతి దగ్గర లేదు.

చట్టం సంగతి చూస్తే, డాక్టరు మందిచ్చి ప్రాణం తీయడం ఇక్కడ నేరం, అందులో రెండో మాట లేదు. చికిత్స ఆపేయడం, అంటే గొట్టాలు తీసేసి సహజంగా పోనివ్వడం, వేరే సంగతి. ముంబైలో నర్సు అరుణా శాన్‌బాగ్ 1973లో దాడికి గురై, 2015లో న్యుమోనియాతో పోయేదాకా 42 ఏళ్ళు మంచం మీద అచేతనంగా ఉండిపోయింది. ఆమె కేసులోనే 2011లో సుప్రీంకోర్టు మొదటిసారి ఈ తేడా గుర్తించింది, ఆమెకి మాత్రం అనుమతి ఇవ్వలేదు. 2018 మార్చి 9న అయిదుగురు జడ్జీల ధర్మాసనం గౌరవంగా మరణించడం కూడా రాజ్యాంగం 21వ అధికరణంలోని జీవించే హక్కులో భాగమే అంది.

తెలుగువాళ్ళకి ఇంతకంటే దగ్గరి కేసు ఒకటుంది. 2004 డిసెంబరులో వెంకటేశ్ అనే పాతికేళ్ళ చదరంగం ఆటగాడు హైదరాబాద్‌లో కండరాల క్షీణతతో ఆఖరి దశలో ఉన్నాడు. అవయవాలు పనికొచ్చే స్థితిలో ఉండగానే నన్ను పోనివ్వండి, నలుగురికి దానం చేస్తాను అని అడిగాడు. తల్లి హైకోర్టుకి వెళ్ళింది. బ్రెయిన్ డెడ్ అయితే తప్ప అవయవాలు తీయడానికి 1994 నాటి చట్టం ఒప్పుకోదని కోర్టు కాదంది. కొద్ది రోజులకే అతను పోయాడు. ఈ చర్చలో స్వతంత్ర నిర్ణయం అంటే ఏమిటని ఎవరైనా అడిగితే నేను అతన్నే చూపిస్తాను. జబ్బేమిటో అతనికి తెలుసు. ఏం కావాలో తన నోటితో తనే చెప్పాడు. తల్లి తన మాట కాకుండా కొడుకు మాటనే కోర్టుకి మోసుకెళ్ళింది. తీర్పు చట్ట ప్రకారం సబబే కావచ్చు. అయినా ఇరవై ఏళ్ళు దాటినా అది నాకు మింగుడుపడదు.

2018 తీర్పు మనకి ఇచ్చిన అసలు సరుకు లివింగ్ విల్. మెదడు బాగా పనిచేస్తున్నప్పుడే, నాకు తిరిగి కోలుకునే ఆశ లేని స్థితి వస్తే వెంటిలేటర్ పెట్టొద్దు, ఫలానావాళ్ళు నా తరఫున మాట్లాడతారు అని రాసి పెట్టుకోవడం. మొదట మేజిస్ట్రేటు సంతకం కావాలన్నారు, అది జరిగే పని కాదు. 2023 జనవరిలో సడలించారు. ఇప్పుడు ఇద్దరు సాక్షులు, నోటరీ గానీ గెజిటెడ్ అధికారి గానీ ఉంటే చాలు. ఒక కాపీ పంచాయతీలోనో మున్సిపాలిటీలోనో దీనికోసం నియమించిన అధికారి దగ్గర ఉండాలి. తర్వాత ఆ పరిస్థితే వస్తే ఆసుపత్రిలో ముగ్గురు డాక్టర్ల బోర్డు, దాని మీద జిల్లా వైద్యాధికారి నామినేట్ చేసిన డాక్టరుతో ఇంకో బోర్డు, వీలైనంతవరకు 48 గంటల్లో చెప్పాలి. కాగితం మీద చక్కగా ఉంది. మీ ఊరి సచివాలయానికి వెళ్ళి 'లివింగ్ విల్ కాపీ ఇవ్వాలి, ఎవరికివ్వమంటారు' అని అడిగి చూడండి. పింఛను దరఖాస్తా, ఇంటి పన్నా అని ఎదురు అడగకపోతే అదృష్టమే.

తప్పు సచివాలయానిది మాత్రమే కాదు లెండి. ఆస్తి వీలునామా రాయడంలో మన గోదావరి జిల్లాలవాళ్ళని మించినవాళ్ళు లేరు. ఏ గట్టు ఎవరిది, చెరువు లీజు డబ్బు ఎవరికి, వీధివైపు కొబ్బరిచెట్లు ఎవరివి, దింపు రోజున కాయ ఎవరింటికి చేరాలి, అన్నీ రాసి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో వేలిముద్ర వేస్తారు. తన ముక్కులో గొట్టం వెయ్యాలా వద్దా అన్నది మాత్రం రాయరు. సంక్రాంతికి పిల్లలందరూ ఇంటికొచ్చినప్పుడు పంపకాల మాట ఎత్తొచ్చు, ఈ మాట ఎత్తితే మాత్రం "పండగపూట ఆ మాటలేంటి నాన్నా" అని నోరు మూయిస్తారు.

ఇక నాకు నిజంగా భయం పుట్టించే సంగతి. మన పెద్దవాళ్ళు కోరుకునే చావు ఎలాంటిదో వాళ్ళే చెప్తారు. "ఎవరిచేతా చేయించుకోకుండా పోవాలమ్మా, కాలూ చెయ్యీ ఆడుతుండగానే వెళ్ళిపోవాలి." వినడానికి ఇది స్వేచ్ఛ కోరే మాటే. కానీ కాస్త ఆగి వింటే అందులో సిగ్గూ ఉంది, భయమూ ఉంది. పక్కలో అన్నీ అయిపోతే కోడలు ముక్కు మూసుకుంటుందేమో అన్న భయం. కోడలు కువైట్‌లోనో మస్కట్‌లోనో ఉంటే ఎవరు చేస్తారన్న బెంగ. కోనసీమలో చాలా ఇళ్ళలో డెబ్బై దాటిన భార్యే డెబ్బై అయిదు దాటిన భర్తని పక్క మీద తిప్పుతోంది, తన మోకాళ్ళే లేవకపోయినా. ఆ పెద్దాయన నన్ను పంపించేయండి అంటే అది ఆయన కోరికా, ఆవిడ నడుము నొప్పి చూడలేక అన్న మాటా? ఈ రెంటినీ విడదీసే పరీక్ష ఏ చట్టంలోనూ లేదు.

ఇది బీద దేశాల బెడద అనుకోవద్దు. ఒరెగాన్‌లో ఈ మార్గం ఎంచుకున్నవాళ్ళు చెప్పిన కారణాలు ఏటా ప్రచురిస్తారు. నొప్పి అందులో మొదటి కారణం కాదు. నా బతుకు నా చేతిలో లేకుండా పోతోంది అన్నదే పైన ఉంటుంది. ఇంట్లోవాళ్ళకి భారమైపోతున్నాం అని చెప్పేవాళ్ళు పదిమందిలో నలుగురికి తక్కువ ఉండటం లేదు. కెనడాలో 2021లో, మరణం దగ్గర్లో లేనివాళ్ళకి కూడా తలుపు తెరిచాక వికలాంగుల సంఘాలు గట్టిగా ఎదురు తిరిగాయి. మాకు బతకడానికి సాయం ఇవ్వరు గానీ చావడానికి ఇస్తారా అన్నది వాళ్ళ ప్రశ్న. మానసిక జబ్బులకీ వర్తింపజేయాలన్న ప్రతిపాదనని అక్కడి ప్రభుత్వం 2027 మార్చి దాకా వాయిదా వేసింది. మన పక్క రాష్ట్రం తమిళనాడులో 'తలైకూత్తల్' పేరుతో మంచాన పడ్డ పెద్దవాళ్ళని ఇంట్లోవాళ్ళే ప్రాణం తీసి సాగనంపే అలవాటు గురించి పత్రికల్లో వచ్చింది. అక్కడా ఆచారం పేరే చెప్పుకున్నారు.

చిన్న పక్కమాట. ఆంధ్రప్రదేశ్‌లో పక్షవాతంతో పూర్తిగా మంచానికే అతుక్కుపోయినవాళ్ళకి ఇప్పుడు నెలకి 15,000 రూపాయల పింఛను ఇస్తున్నారు. నిజంగా అర్హులా కాదా అన్న తగాదా ఉండనే ఉంది. కానీ ఆ డబ్బుతో ఒక ఆయాని పెట్టుకోవచ్చు, డైపర్లు కొనొచ్చు. అప్పుడు మంచాన పడ్డ ముసలామె ఇంట్లో కూర్చుని తినే మనిషి కాదు, నెల మొదట్లో డబ్బు తెచ్చే మనిషి. చావు మీద చర్చలో ఈ పింఛను ప్రస్తావన ఎవరూ తేరు. ఎవరైనా బతకాలనుకోవడానికి వేదాంతం కన్నా ఇదే ఎక్కువ పనిచేస్తుందని నా నమ్మకం.

నొప్పి సంగతి కూడా అంతే. కేరళలో 1993లో కోళికోడ్‌లో మొదలైన పాలియేటివ్ కేర్, అంటే జబ్బు తగ్గకపోయినా బాధ తగ్గించే వైద్యం, 2008లో ప్రభుత్వ విధానమైంది. పంచాయతీ నర్సు ఇంటికి వచ్చి పుండు కడిగి, మందిచ్చి వెళ్తుంది. మార్ఫిన్ మాత్ర ఖరీదైన మందేం కాదు. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం భయంతో ఆసుపత్రులు దాన్ని ఉంచడమే మానేశాయి. 2014లో చట్టం సవరించారు, భయం మాత్రం సవరించలేదు. ఒక లంక గ్రామంలో ఎముకలకి పాకిన క్యాన్సర్‌తో అరిచే మనిషికి రాత్రిపూట దిక్కు ఊరి ఆర్‌ఎంపీ, ఆయన దగ్గరున్న మామూలు నొప్పి ఇంజెక్షను. వరద రోజుల్లో పడవ కట్టకపోతే అదీ లేదు. తెల్లారేసరికి ఆ మనిషి చావు అడుగుతాడు. అతనికి కావలసింది ఆ రాత్రి నిద్ర.

ఇక్కడ ఎదుటివాళ్ళ వాదన ఒకటి నన్ను వదలదు. ప్రతి ఊరికీ నర్సు వచ్చాక, ప్రతి డాక్టరూ నిజం చెప్పడం నేర్చుకున్నాక ఆ హక్కు ఇద్దాం అంటే, ఈలోపు బాధపడేవాడు సర్కారు చేతకానితనానికి తన ఒంటితో వడ్డీ కట్టాలా? పైగా ఎంత మంచి వైద్యమైనా తీర్చలేని బాధలున్నాయి. మోటార్ న్యూరాన్ జబ్బులో చాలామందికి తెలివి చెక్కుచెదరకుండా ఉండి, మింగడం, మాట్లాడటం, చివరికి ఊపిరి తీయడం ఒక్కొక్కటే పోతాయి. ఆ మనిషి అన్నీ తెలిసి, నెలల తరబడి అదే మాట మీద ఉంటే, కాదనడానికి నా దగ్గర నీతి లేదు. సూత్రంగా నేను అతని పక్షమే. ప్రేమించినవాడు మోసం చేశాడనో అప్పులవాళ్ళు ఇంటి మీదికొచ్చారనో చావాలనుకునే మనిషిది వేరే దారి. అతని చెయ్యి పట్టుకుని ఆపాలి, వైద్యం చేయించాలి. 2017 మానసిక ఆరోగ్య చట్టం చెప్పేదీ అదే. ఈ రెంటినీ ఒకే గాటన కట్టేవాళ్ళతో నాకు పేచీ.

అతని పక్షమే అయినా, ఈరోజు మన దగ్గర చట్టం రావాలా అంటే వద్దనే అంటాను, అదీ ఒక్క కారణంతో. బ్రిటన్ బిల్లులో ఇద్దరు డాక్టర్లు వేర్వేరుగా రోగితో మాట్లాడాలి, ఎవరి ఒత్తిడీ లేదని తేల్చుకోవాలి. మన ఆసుపత్రిలో రోగి మంచం చుట్టూ కొడుకు, అల్లుడు, మేనల్లుడు, ఊళ్ళోంచి వచ్చిన సర్పంచి, వీడియో కాల్‌లో అమెరికా చెల్లెలు ఉంటారు. "మీరంతా కాసేపు బయటికెళ్ళండి, నేను పెద్దాయనతో మాట్లాడాలి" అనగల డాక్టరు ముందు కావాలి. తలుపు తీసుకుని బయటికి రాగానే "మావయ్యగారు ఏమన్నారండి" అని ఎదురొచ్చే అల్లుడితో, అది ఆయన్నే అడగండి అని చెప్పి తర్వాతి వార్డుకి నడిచి వెళ్ళగలగాలి.