బిల్లు కట్టడం మర్చిపోయిన సామ్రాజ్యం

ఈవ్ ఆన్‌లైన్ అనే గేమ్‌లో 2014 జనవరి 27న ఒక యుద్ధం మొదలై 21 గంటల పాటు సాగింది. ఏడున్నర వేల మంది దాకా ఆటగాళ్ళు దిగారు. టైటాన్లని పిలిచే అతిపెద్ద ఓడలు 75 పేలిపోయాయి. నష్టాన్ని నిజం డబ్బుల్లోకి మారిస్తే 3 లక్షల డాలర్ల లెక్క తేలింది, ఆ వారం గేముల సంగతి పట్టని పేపర్లు కూడా దాని గురించి రాశాయి. ఇంతకీ గొడవ ఎందుకు మొదలైందంటే, ఒక బిల్లు కట్టలేదు కాబట్టి. బి-ఆర్5ఆర్‌బి అనే ఆ నక్షత్ర మండలం మీద హక్కు నిలబెట్టుకోవాలంటే గేమ్‌కి ఎప్పటికప్పుడు రుసుము చెల్లించాలి. అది పాండెమిక్ లీజియన్ అనే వర్గం ఖాతా నుంచి దానంతట అదే పోతుందని అందరూ అనుకున్నారు. పోలేదు. మండలం ఎవరిదీ కాకుండా పోయింది, అటువైపు వాళ్ళు అది పసిగట్టి వచ్చి వాలారు. కరెంటు బిల్లు కట్టకపోతే లైన్‌మన్ వచ్చి ఫ్యూజు పీకేసినట్టు, కాకపోతే ఇక్కడ లైన్‌మన్ వెనకాల రెండు వేల యుద్ధనౌకలు ఉన్నాయి.

ఈవ్ గురించి రాసేవాళ్ళు ఎక్కువగా ఆ 21 గంటల గురించే రాస్తారు. నాకు మాత్రం ఆ బిల్లు దగ్గరే ఆసక్తి. ఈ గేమ్‌లో వర్గాలు గెలిచేదీ ఓడేదీ ఎక్కువ భాగం గుమాస్తా పనిలోనే అని నా అభిప్రాయం, దాన్ని చెప్పడానికే ఈ వ్యాసం.

తెలియనివాళ్ళ కోసం కొంచెం చెబుతాను. ఐస్లాండ్ రాజధాని రేక్యావిక్‌లో ఉన్న సీసీపీ అనే కంపెనీ 2003 మేలో దీన్ని విడుదల చేసింది. చైనా ఒక్కటి మినహాయిస్తే ప్రపంచం మొత్తానికీ ఒకటే సర్వర్, ఒకటే ఆకాశం. ఓడ పేలితే పేలినట్టే, మళ్ళీ రాదు, మళ్ళీ కొనుక్కోవాలి. ఆకాశంలో కొంత భాగానికి పోలీసులుంటారు, మిగతా భాగానికి ఉండరు, ఆ మిగతా దాంట్లో చాలావరకు ఆటగాళ్ళు పంచుకుని ఏలుకునే రాజ్యమే. మన దగ్గర పబ్జీలోనో ఫ్రీ ఫైర్‌లోనో క్లాన్ అంటే పేరు పక్కన తగిలించుకునే బిళ్ళ. ఇక్కడ అలా కాదు, పన్ను ఉంటుంది, ఖజానా ఉంటుంది, సరిహద్దు ఉంటుంది, హాజరు పట్టీ కూడా ఉంటుంది.

నిర్మాణం చూడటానికి తేలికే. కొంతమంది కలిసి ఒక కార్పొరేషన్, కొన్ని కార్పొరేషన్లు కలిసి ఒక అలయన్స్. కార్పొరేషన్‌కి ఒక సీఈఓ, ఆయన కింద డైరెక్టర్లు. అలయన్స్‌లో ఒక కార్పొరేషన్ చేతిలో పెత్తనం ఉంటుంది, మిగతావి దాని మాట వింటాయి. ఆ పైన అలయన్సులన్నీ కలిసి కట్టుకునే కూటములు ఉన్నాయి. వేలాది మందితో ఏడాదికి ఏడాది యుద్ధాలు చేసేవి అవే. విచిత్రం ఏమిటంటే ఆ కూటమి అనేది గేమ్‌లో ఎక్కడా లేదు. దానికి బటన్ లేదు, ఫారం లేదు, జెండా లేదు. ఈ గేమ్‌లోని అతి పెద్ద అధికార కేంద్రం నాలుగైదుగురు నాయకుల నోటి మాట మీద, బయట చాట్ యాప్ డిస్కార్డ్‌లోనో ఇంకెక్కడో నడిచే కబుర్ల మీద నిలబడి ఉంటుంది. నోటి మాట మీద పొత్తులు ఎన్నాళ్ళుంటాయో మన రాజకీయాలు చూసేవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు.

డబ్బు సంగతి దీనికంటే ఆసక్తిగా ఉంటుంది. సభ్యుడు కంప్యూటర్ నడిపే దొంగల ఓడల్ని కొట్టి సంపాదించిన దాంట్లో కొంత శాతం పన్నుగా కార్పొరేషన్‌కి పోతుంది. చంద్రుల మీద తవ్వకాలుంటాయి, అసలు లాభం ఒకప్పుడు అక్కడే ఉండేది. టెక్నీషియం అనే ఖనిజం దొరికే చంద్రుల్ని గుప్పిట్లో పెట్టుకున్న అలయన్సులు 2012లో కలిసి కూర్చుని, చమురు దేశాలు చేసినట్టే ధర నిలబెట్టే సిండికేట్ పెట్టాయి, పేరు కూడా ఒపెక్‌ని వెక్కిరిస్తూ ఓటెక్ అని పెట్టుకున్నారు. తమకి అక్కర్లేని భూమిని చిన్న వర్గాలకి కౌలుకిచ్చే అలయన్సులు ఉండేవి. కౌలుదారు నెలనెలా కట్టాలి, యుద్ధం వస్తే కాపాడతారన్న మాట ఉంటుంది, కాపాడతారా లేదా అన్నది అప్పుడు చూసుకోవాలి.

వచ్చిన డబ్బంతా ఏమవుతుంది? ఇక్కడే మంచి వర్గానికీ చెడ్డ వర్గానికీ తేడా తెలుస్తుంది. వర్గం పిలుపు మీద యుద్ధానికి వెళ్ళి ఓడ పోగొట్టుకున్న సభ్యుడికి ఆ ఓడ ఖరీదు తిరిగి ఇచ్చే పద్ధతి ఒకటుంది, ఎస్ఆర్‌పీ అంటారు. చెప్పిన రకం ఓడ, చెప్పిన ఆయుధాలతో, చెప్పిన ఓడల దండులో (ఫ్లీట్) పోగొట్టుకుంటేనే ఇస్తారు. ఎవరో ఒకరు కూర్చుని ఆ దరఖాస్తులు ఒక్కొక్కటీ చూడాలి, చెల్లించాలి. పంటల బీమా లాంటిది అనుకోండి, మూడు రోజుల్లో డబ్బు పడితే రైతు మళ్ళీ విత్తనం వేస్తాడు, మూడు నెలలు తిప్పితే వేయడు. ఇక్కడా అంతే, ఎస్ఆర్‌పీ ఆలస్యమైన అలయన్స్‌లో తర్వాతి పిలుపుకి జనం తగ్గుతారు, ఆ తర్వాతి దానికి ఇంకా తగ్గుతారు, ఎవరూ నోరు తెరిచి ఫిర్యాదు చేయరు, రావడం మానేస్తారు.

పిలుపుని పింగ్ అంటారు. ఫ్లీట్ నడిపేవాణ్ణి ఎఫ్‌సీ అంటారు. ఒక ఫ్లీట్‌లో రెండు వందల యాభై మంది దాకా ఉంటారు, వాయిస్‌లో ఎఫ్‌సీ గొంతు తప్ప ఇంకేదీ వినపడకూడదు. ఎవరు వచ్చారో లెక్క రాసుకుంటారు, నెలకి ఇన్ని హాజరులు ఉండాలని నియమం పెట్టే కార్పొరేషన్లూ ఉన్నాయి. గేమ్ గడియారం గ్రీన్‌విచ్ సమయంలో నడుస్తుంది, యూరప్ వాళ్ళు ఆఫీసు నుంచి ఇంటికొచ్చి జోరు మీదుండే వేళ మనకి రాత్రి పదకొండున్నర. నేను ఆడిన రెండేళ్ళూ నా యుద్ధాలన్నీ ఇంట్లో అందరూ పడుకున్నాక, హెడ్‌ఫోన్స్‌లో, మైక్ ఆఫ్‌లో జరిగాయి. పెద్ద యుద్ధమైతే సర్వర్ తట్టుకోవడం కోసం గేమ్‌లో కాలాన్నే పదో వంతు వేగానికి తగ్గిస్తారు, అంటే తుపాకీ ఒకసారి పేలి రెండోసారి పేలేలోగా లేచి వెళ్ళి టీ పెట్టుకుని రావచ్చు. వీరగాథలుగా చెప్పుకునే యుద్ధాలు లోపల కూర్చున్నవాడికి ఇలాగే ఉంటాయి.

ఇక అధికారం. ఈవ్ వర్గాలు దాదాపు అన్నీ నియంతృత్వాలే. కార్పొరేషన్‌లో వాటాలు, ఓటింగ్ అనే ఏర్పాటు గేమ్‌లో ఉంది కానీ దాన్ని పట్టించుకునేవాళ్ళు అరుదు. కారణం జనం నియంతల్ని ఇష్టపడటం ఒక్కటే కాదు. గేమ్ కోడ్‌లోనే అధికారం ఒకచోట కుప్పపోసినట్టు ఉంటుంది, డైరెక్టర్ హోదా వచ్చిందంటే గిడ్డంగులూ ఖాతాలూ అన్నిటి తాళాలూ వచ్చినట్టే. ఆడిటర్ లేడు, కోర్టు లేదు, దోచుకున్నవాడి మీద కేసు పెట్టే దిక్కు లేదు. గేమ్ లోపల మోసం, కోవర్టు పని, వెన్నుపోటు అన్నీ ఆటలో భాగమేనని కంపెనీ మొదటినుంచీ చెబుతూనే ఉంది.

దాని ఫలితం 2009 ఫిబ్రవరిలో అందరూ చూశారు. అప్పటికి బ్యాండ్ ఆఫ్ బ్రదర్స్ అనే అలయన్స్, పొట్టిగా బాబ్, డెల్వ్ అనే ప్రాంతంలో తిరుగులేని శక్తి. అంతకు రెండేళ్ళ ముందే, ఆ వర్గంలో ఆడుతున్న సీసీపీ ఉద్యోగి ఒకడు దొరకడం కష్టమైన బ్లూప్రింట్లు అక్రమంగా సంపాదించాడని బయటపడి పెద్ద రచ్చ అయింది, కాబట్టి బాబ్ అంటే ఒళ్ళు మండేవాళ్ళు చాలామందే ఉన్నారు. వాళ్ళలో మొదటివాళ్ళు పొట్టిగా గూన్లు అని పిలిచే అలయన్స్ గూన్‌స్వార్మ్. ఏళ్ళ తరబడి కొట్టుకున్నా బాబ్ కూలలేదు. చివరికి బాబ్ డైరెక్టర్ ఒకడు తనంతట తానే గోడ దూకి గూన్‌స్వార్మ్ దగ్గరకొచ్చాడు, ఏదో నాలుగు ఓడలు ఎత్తుకొచ్చి ఇచ్చి వీళ్ళలో చేరదామన్నది అతని ఆలోచన. గూన్‌స్వార్మ్ గూఢచారి విభాగాన్ని నడిపే ది మిట్టాని అనే ఆటగాడికి మాత్రం అతని తాళంచెవుల్లో ఇంకోటి కనపడింది. ఆ డైరెక్టర్ కొన్ని క్లిక్కులతో అలయన్స్‌నే రద్దు చేశాడు. రద్దవగానే ఆ పేరు తమ మీద రిజిస్టర్ చేయించుకుని, బాబ్ మళ్ళీ అదే పేరుతో లేవకుండా కూడా చూశారు గూన్లు. ఆ చివరి చిలిపితనం నాకు ఇప్పటికీ నచ్చుతుంది.

అయితే కథ అక్కడ ఆగితే గూన్లు తెలివైనవాళ్ళు అని సర్టిఫికెట్ ఇచ్చి ఊరుకోవచ్చు. ఏడాది తిరగ్గానే, 2010 మొదట్లో, అదే డెల్వ్‌లో గూన్‌స్వార్మ్ బిల్లు కట్టలేదు. అవును, ఇదీ బిల్లే. భూమి చేజారింది. ఆ గందరగోళంలోనే అప్పటి నాయకుడు ఖజానా ఊడ్చేసుకుని పోయాడు. శత్రువు చేయలేని పనిని సొంత మనిషి చేయడం బాబ్‌కే పరిమితం కాలేదన్నమాట. తర్వాత కొత్త అలయన్స్ పెట్టుకుని మళ్ళీ మొదట్నుంచీ కట్టుకున్నారు, మిట్టాని నాయకుడయ్యాడు, 2022 దాకా ఉన్నాడు. ఆ పన్నెండేళ్ళూ వాళ్ళు బతకడానికి కారణం ఫైనాన్స్, లాజిస్టిక్స్, దౌత్యం, ఎస్ఆర్‌పీ, కొత్తవాళ్ళకి పాఠాలు అని విడివిడిగా విభాగాలు పెట్టి, వాటిని నడపగలిగే మనుషుల్ని నిలబెట్టుకోవడమే. మిట్టాని గొప్పవాడని నేను అనను. 2012లో రేక్యావిక్‌లో జరిగిన ఈవ్ అభిమానుల సభలో వేదిక మీద, తాగి, మానసికంగా కుంగిపోయిన ఒక ఆటగాణ్ణి హేళన చేసి నెల రోజులు నిషేధానికి గురయ్యాడు, అది క్షమించే పని కాదు. కానీ ఆఫీసు నడపడం తెలుసు.

ఇంత దోపిడీ చరిత్ర ఉన్నచోట అనుమానం ఉండక తప్పదు. 2005లోనే గైడింగ్ హ్యాండ్ సోషల్ క్లబ్ అనే కిరాయి ముఠా ఒక కార్పొరేషన్‌లోకి తమ మనుషుల్ని పంపి, దాదాపు ఏడాది పాటు నమ్మకంగా పని చేయించి, ఒకే రోజు గిడ్డంగులన్నీ ఖాళీ చేసి, ఆ సీఈఓ ఓడనీ పేల్చింది. అప్పటి విలువలో 16,500 డాలర్ల సొత్తు అని లెక్క. ఏడాది పాటు నమ్మకంగా పని చేయడం అంటే నిజంగానే పని చేయడం కదా, ఆ ఏడాదిలో వాళ్ళకంటే మంచి ఉద్యోగులు ఆ కార్పొరేషన్‌లో ఉండి ఉండరు! ఇప్పుడు ఓ మాదిరి అలయన్స్‌లో చేరాలన్నా మన ఖాతా వివరాలు, పాత ఉత్తరాలు, డబ్బు లావాదేవీలు చూపించే అనుమతి ఇవ్వాలి. ఇచ్చాక కూడా మొదటి ఆరు నెలలు కోవర్టుగానే చూస్తారు. అలా చూసి చూసి, నమ్మకస్తుడని తేల్చి డైరెక్టర్ని చేసినవాడే చివరికి ముంచుతాడు, అదో తమాషా.

2017 సెప్టెంబర్‌లో సర్కిల్ ఆఫ్ టూ అనే అలయన్స్‌కి జరిగింది అదే. ది జడ్జ్ అనే ఆటగాడు అందులో కీలక నాయకుడు, అలయన్స్ తరఫున కబుర్లు నడిపేదీ, చాకిరీ చేసేదీ అతనే. పై నాయకుడి పెత్తనంతో విసిగి ఉన్నాడు. గేమ్‌లో కట్టుకునే కోటల్లో అతి పెద్దదైన కీప్‌స్టార్‌ని అవతలివాళ్ళకి అప్పగించి, గేమ్ డబ్బు ఇస్క్‌ని లక్ష కోట్లకి పైగా తీసుకుని వెళ్ళిపోయాడు. నాయకుడు కోపం పట్టలేక చాట్‌లో అతని చేతులు నరుకుతానన్న అర్థంలో ఏదో రాసేసరికి కంపెనీ ఆ నాయకుణ్ణే శాశ్వతంగా నిషేధించింది. గేమ్‌లో ఎంత దోచుకున్నా తప్పు లేదు, నిజం మనిషికి బెదిరింపు మాత్రం నేరం, గీత అక్కడుంది. జడ్జ్‌ని ద్రోహి అనేవాళ్ళ మాట నిజమే, కాదనను. కానీ రోజూ అందరి పనీ చేసేవాడు ఎందుకు విసిగిపోయాడని ముందే ఎవరూ అడగకపోవడం నాకు పెద్ద తప్పుగా కనిపిస్తుంది.

నియంతలకి అదుపు లేదా అంటే, ఒకటుంది. సభ్యుడు తన ఓడలు తీసుకుని ఇంకో వర్గంలోకి పోవచ్చు, లేదా అసలు లాగిన్ అవడం మానేయొచ్చు. ఓటు లేదు గానీ కాళ్ళున్నాయి. 2020 జూలైలో గూన్ల కూటమి మీద మిగతా పెద్ద వర్గాలన్నీ కలిసి దండెత్తాయి. సంఖ్యలో దండెత్తినవాళ్ళే చాలా ఎక్కువ. ఆ డిసెంబర్ చివర్లో ఎమ్2-ఎక్స్ఎఫ్ఈ అనే నక్షత్ర మండలంలో ఒక్క యుద్ధంలోనే 257 టైటాన్లు పోయాయి, గిన్నిస్ వాళ్ళు రికార్డు రాసుకున్నారు. గూన్లకి చివరికి మిగిలింది ఒక మూల. అయినా 2021 ఆగస్టులో దండెత్తినవాళ్ళే మూట సర్దుకుని వెళ్ళిపోయారు. ఇల్లు కాపాడుకునేవాడికి రాత్రి మేలుకోవడానికి కారణం ఉంటుంది, పరాయి ఇల్లు ముట్టడించి పదమూడు నెలలు కూర్చున్నవాడికి ఒకరోజు నిద్రొస్తుంది. పైగా నోటి మాట మీద కట్టిన కూటమి, ముందు ఎవరు వెనక్కి తగ్గుతారా అని ఒకళ్ళనొకళ్ళు చూసుకోవడమే సరిపోయింది.

దౌత్యం గురించి ఒక్క మాట. గూన్‌స్వార్మ్‌లో వైల్ ర్యాట్ అనే పేరుతో ఏళ్ళ తరబడి పొత్తులు కుదిర్చిన మనిషి అసలు పేరు షాన్ స్మిత్, అమెరికా విదేశాంగ శాఖ ఉద్యోగి. 2012 సెప్టెంబర్‌లో లిబియాలోని బెంఘాజీ దాడిలో చనిపోయాడు. ఆ వార్త తెలిశాక శత్రువులు కూడా తమ స్టేషన్లకి అతని పేరు పెట్టారు. పక్కనోడి చేత తన మాట నమ్మించగల మనిషి ఆ ఆకాశంలో ఎంత అరుదో వాళ్ళకి తెలుసు.

నేనున్న చిన్న కార్పొరేషన్‌లో స్టేషన్లకి ఇంధనం నింపే పని పోలండ్ ఆయన ఒకాయన చూసేవాడు. రెండేళ్ళలో ఆయన్ని ఎవరూ మెచ్చుకోగా నేను వినలేదు, నేనూ మెచ్చుకోలేదు. ఒకరోజు నన్ను డైరెక్టర్ని చేయిస్తాను, ఈ పని సగం పంచుకుంటావా అని అడిగాడు. పగలంతా ఆఫీసే, రాత్రి కూడా ఆఫీసేనా అని నవ్వి తప్పించుకున్నాను. రెండు నెలల తర్వాత ఆయన లాగిన్ అవడం మానేశాడు. మూడో వారంలో స్టేషన్ ఇంధనం అయిపోయింది, ఎవరి ఓడలు వాళ్ళు సర్దుకోవడానికి మాకు ఒక రాత్రి దొరికింది.