కణానికి కమిటీ లేదు పాపం

మన ఒంట్లో ప్రతి కణం చుట్టూ కణత్వచం అని ఒక పొర ఉంటుంది. మందం 7, 8 నానోమీటర్లు. అలాంటివి పది వేలు పేరిస్తే ఓ వెంట్రుక మందం వస్తుంది. ఇంత పల్చటి పొర, ఎవరిని రానివ్వాలో ఎవరిని ఆపాలో ఏ యాప్ సాయమూ లేకుండా చూసుకుంటుందట. బెంగళూరు బెళ్లందూరులో మా అపార్ట్‌మెంట్ కమిటీకి ఈ సంగతి తెలిస్తే, ఆ పొరకు వెంటనే ఓ టాబ్ కొనిచ్చి, ఖర్చు మా మెయింటెనెన్స్‌లో వేసేవారు.

మొన్న మా అమ్మ కదిరి బస్సు దిగి, ఆవకాయ జాడీతో గేటు దగ్గరికొచ్చింది. వాచ్‌మన్ టాబ్‌లో డెలివరీ, క్యాబ్, సర్వీస్, గెస్ట్ అని నాలుగు బొమ్మలుంటాయి. జాడీ చూసి అతను డెలివరీ నొక్కాడు. నేను ఆఫీసులో, మీటింగులో. ఫోన్ టింగుమంది: డెలివరీ వచ్చింది, ఏం చేయమంటారు? అలవాటు కొద్దీ "గేటు దగ్గరే ఉంచండి" నొక్కేశాను. వాచ్‌మన్ మాట తప్పని మనిషి. జాడీని అరలో పెట్టి, ఫ్లాట్ నంబరు చీటీ అంటించి, అమ్మను పక్కన కుర్చీలో కూర్చోబెట్టాడు. నలభై నిమిషాలు! "నాకూ చీటీ అంటిస్తాడేమోనని చూస్తాంటి నాయనా" అంది తర్వాత. ఈలోగా రెండు నీళ్ల ట్యాంకర్లు హారన్ కొట్టుకుంటూ లోపలికి పోయాయట. వాటిని పేరడిగిన పాపాన పోలేదు.

కణం దగ్గర నీళ్లకూ పద్ధతుంది. పొర కొవ్వుతో చేసింది కాబట్టి ఆక్సిజన్ లాంటివి నేరుగా దూరిపోతాయి. నీళ్లకు ఆక్వాపోరిన్లని ప్రత్యేకంగా దారులున్నాయి. అది తేల్చినందుకే పీటర్ ఆగ్రీకి 2003లో నోబెల్ వచ్చింది. నీటి అణువులు ఒకదాని వెనక ఒకటి వరసలో పోతాయి. వాటి చాటున ప్రోటాన్ దూరబోతే కుదరదు. ఇక పెద్ద సరుకొస్తే పొరే లోపలికి వంగి, దాన్ని చుట్టేసుకుని తీసుకుపోతుంది. అమ్మను జాడీతో సహా అన్నమాట.

డెన్మార్క్‌లో యెన్స్ స్కౌ 1957లో పీత కాళ్ల నరాల్లో ఇంకో ద్వారపాలకుణ్ని పట్టుకున్నాడు. అదొక పంపు. 3 సోడియం అయాన్లను బయటికి పంపి, 2 పొటాషియం అయాన్లను లోపలికి తెస్తుంది. దానికయ్యే ఏటీపీ, అంటే కణం ఖర్చుపెట్టే శక్తి సరుకు, కణానిదే. వెళ్లే సోడియాన్ని సంచి విప్పమనదు.

మా గేటు విప్పిస్తుంది. మా ఇంట్లో పనిచేసే ఆవిడ సంచి. ఆరేళ్లుగా మా ఇంటి తాళం చెవి ఆమె దగ్గరుంది. పాత చీర ఇచ్చి పంపితే, నేను యాప్‌లో గేట్ పాస్ ఇచ్చేదాకా సంచి తెరిచి పట్టుకుని ఎండలో నిలబడాలి. ఎక్కాల్సింది చెత్త డబ్బాలు దించే లిఫ్టు. మీ ఎంగిలి కంచాలు తోమిన చేతులు మీ లిఫ్టు బటన్‌కి పనికిరావా? సెక్యూరిటీయట! సిగ్గుండాలి. రెండేళ్లుగా మెయింటెనెన్స్ ఎగ్గొట్టినాయన కారు మాత్రం అద్దం కూడా దించకుండా సెల్యూట్ కొట్టించుకుని పోతుంది.

నిన్న అమ్మ ఆవిడకు ఓ సీసాడు ఆవకాయ ఇచ్చింది. పాస్ నింపడానికి కూర్చున్నాను. వస్తువు: పచ్చడి. సంఖ్య: ఒకటి. "విలువ" అన్న గడిలో ఏం రాయాలని అడిగితే, కమిటీ వాళ్ల తాత పేరు రాయమంది అమ్మ.