కూలిపోతున్న ఉమ్మడి కుటుంబాలు

ఉమ్మడి కుటుంబం చితికిపోతోందని సభలు పెట్టి వాపోయే మన పెద్దలు, ఆ వ్యవస్థను చివరిదాకా నిష్ఠగా కాపాడినవారిని మాత్రం ఒక్కనాడూ తలచుకోరు. న్యూయార్క్ మాఫియాను 1931లో పంచుకున్న అయిదు కుటుంబాలు, వాటాల దగ్గర పేచీ వస్తే కోర్టు మెట్లెక్కకుండా తమలో తామే తేల్చుకునేవి. తేల్చుకున్న తరువాత ఒక పక్షంవారు మళ్లీ ఎవరికీ కనిపించేవారు కారన్నది వేరే సంగతి.

ఈ పచ్చని సంసారాల్లో నిప్పులు పోసింది 1970 నాటి అమెరికా రికో చట్టం. అంతకుముందు చంపినవాడు దొరికినా, చంపమన్న పెద్దాయనను పట్టుకోవడం గగనమయ్యేది. ఈ చట్టంతో నేరాల మీద నడిచే సంస్థకు పెద్దరికం వహించడమే నేరమైంది. 1987 జనవరిలో న్యూయార్క్ న్యాయస్థానం ముగ్గురు కుటుంబ పెద్దలకు తలా నూరేళ్ల జైలుశిక్ష వేసింది. నిండు నూరేళ్లు వర్ధిల్లమని మనమూ దీవిస్తాం గాని, ఆ దీవెనను లిఖితపూర్వకంగా ఇచ్చిన పెద్దమనిషిని మరొకరిని నేనెరుగను. ఇక 1992లో గాంబీనో కుటుంబపు పెద్ద జాన్ గాటీ యావజ్జీవ శిక్షకు గురైనది, కుడిభుజంగా మెలిగిన గ్రవానో సాక్ష్యం వల్ల. పందొమ్మిది హత్యల్లో తనకు పాలున్నదని ఒప్పుకొన్న ఆ విభీషణుడికి పడింది అయిదేళ్లే. ఇంటిగుట్టు లంకకు చేటని మనవాళ్లు ఊరికే అనలేదు.

జపాన్ నేరముఠాలైన యాకుజాల కథ ఇంకా హృదయవిదారకం. అక్కడ నాయకుడు తండ్రి, అనుచరుడు బిడ్డ. తప్పు చేసిన బిడ్డ తన చిటికెనవేలు తానే కోసుకుని క్షమాపణ చెప్పుకునేవాడు. 1960ల మొదట్లో 1.8 లక్షలు దాటిన ఆ వంశం ఇప్పుడు 20 వేల లోపుకు దిగజారింది, ఉన్నవారిలోనూ సగానికి పైగా యాభై దాటినవారే. 2011 నాటికి దేశమంతటా వచ్చిన నిబంధనల పుణ్యమా అని యాకుజాకు బ్యాంకులో ఖాతా లేదు, తన పేరు మీద ఫోను లేదు, బెంగళూరులో పెళ్లికాని కుర్రాడికి దొరకనట్టే అద్దెకు ఇల్లూ దొరకదు. ఇంతటి కష్టాల్లోకి ఏ పిల్లవాడు వస్తాడు? వాడు ఫోను పట్టుకుని ఎవరికీ బిడ్డ కాకుండానే దొంగతనం చేసుకుంటున్నాడు.

మారతహళ్లిలో మా వీధి చివర ఒక పెద్దాయన ఉన్నారు. మదనపల్లె నుంచి వచ్చి, ఒకప్పుడు ఆ వీధి బండ్లవాళ్ల దగ్గర శనివారం శనివారం మామూళ్లు వసూలు చేసినవారు. ఇడ్లీబండి మీద నాలుగు ఇడ్లీలు తిని, వాటి డబ్బు మామూలులోంచి తగ్గించి పుచ్చుకునేంత నీతిమంతులని ఇప్పటికీ చెప్పుకుంటారు. మొన్న ఆయనకు, మీ పేరున మత్తుమందుల పార్సిల్ దొరికింది, మిమ్మల్ని డిజిటల్ అరెస్టు చేశామంటూ వీడియో కాల్ వచ్చిందట. చొక్కా గుండీలన్నీ పెట్టుకుని, రెండు గంటలపాటు ఫోను ముందు చేతులు కట్టుకుని కూర్చున్నారు.

“డబ్బుకు కాదు సార్ నా బాధ,” అన్నారాయన కళ్లద్దాలు తుడుచుకుంటూ. “యా ఊరు నాయనా నీది, మీ పెద్దెవరు, ఫోను ఆయనకియ్యి, మాట్లాడుకుందామంటే, వాడు లైన్లో ఉండండని చెప్పి పాట పెట్టినాడు సార్.”